ఏ బురదకు ఏ దారి: మురుగు బురద నుంచి శక్తి నిల్వ పదార్థాలు

పోయిన నెల ఒక ఆదివారం మా మేనల్లుడు స్కూటర్ మీద రెండు బియ్యం సంచులు తెచ్చి మా మెట్ల దగ్గర దించాడు. ఒకదానిలో పట్టణంలోని సెప్టిక్ ట్యాంకుల బురదను ఆరబెట్టే కేంద్రం నుంచి తెచ్చిన నల్లటి పెళ్లలు. రెండోదానిలో వాడు పనిచేసే కాగితం మిల్లు మురుగు శుద్ధి విభాగం నుంచి తెచ్చిన బూడిద రంగు ముద్ద, నానబెట్టి పిండిన అట్టపెట్టెలా ఉంది. "మామయ్యా, ఈ రెండింటిలో దేనితో బ్యాటరీ చేయవచ్చు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ లోపలి నుంచి, "ముందు ఆ సంచులు గేటు అవతల పెట్టి, చేతులు కడుక్కుని రండి" అంది. ఆ పూట ఇంట్లో వినిపించిన శాస్త్రీయమైన మాట అదొక్కటే. సెప్టిక్ బురదలో ఏలికపాముల గుడ్లు నెలల తరబడి బతికి ఉంటాయి. ఎండినట్టు కనిపించింది కదా అని వట్టి చేతులతో పట్టుకోకూడదు.

ఈ ప్రశ్న వేసినవాడు మా వాడొక్కడే కాదు. ఒడిశాలోని రాయగడలో ఇరవై ఏళ్లుగా రసాయన శాస్త్రం చెబుతున్నాను కాబట్టి, ప్రాజెక్టు వెతుక్కునే ఎమ్మెస్సీ పిల్లలు, మురుగు బండ్ల కాంట్రాక్టు తీసుకున్నవారు, గుణుపురంలో బియ్యం మిల్లు నడుపుతూ కొత్త వ్యాపారం చూస్తున్న ఒక పెద్దమనిషి, అందరూ ఇదే అడుగుతారు. అందరి వరసా ఒకటే. సూపర్ కెపాసిటరో (క్షణాల్లో కరెంటు నింపుకుని వదిలే పరికరం) సోడియం బ్యాటరీయో (లిథియం బదులు సోడియం వాడేది) ముందే మనసులో ఖాయం చేసుకుని, దానికి తగిన బురద ఎక్కడ దొరుకుతుందా అని చూస్తారు. ముహూర్తం పెట్టుకుని సంబంధం వెతకడం లాంటిది ఇది. నేను చెప్పేది దీనికి తలకిందులు. చేతిలో ఉన్న బురద ఏమిటో తెలుసుకోండి, దారి అదే చెబుతుంది. చాలాసార్లు ఆ దారి బ్యాటరీ వైపు వెళ్లదు, అది కూడా ముందే చెప్పేస్తున్నాను.

మన వైపు దొరికే బురదలు

రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ఎక్కువగా దొరికేది సెప్టిక్ బురద. చిన్న పట్టణాల్లో భూగర్భ డ్రైనేజీ లేదు. ఇళ్ల ట్యాంకుల నుంచి బండ్లు తోడి తెచ్చింది శుద్ధి కేంద్రంలో ఇసుక మడుల మీద పోసి ఆరబెడతారు. ఒడిశా ప్రభుత్వం ఇలాంటి కేంద్రాలను దాదాపు ప్రతి పట్టణంలో కట్టించింది, చాలాచోట్ల స్వయం సహాయక సంఘాల మహిళలే వాటిని నడుపుతున్నారు. రెండో రకం, పెద్ద నగరాల మురుగు శుద్ధి కేంద్రాల తాజా బురద. ఇది మన సరిహద్దులో తక్కువ. మూడోది పరిశ్రమలది. రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు ఉంది కాబట్టి మా వాళ్లకు ముందు గుర్తొచ్చేది కాగితం బురదే.

దామన్‌జోడి, టికిరి వైపు నుంచి వచ్చే విద్యార్థులు అల్యూమినా కర్మాగారాల ఎర్ర బురద సంగతి కూడా అడుగుతారు. పేరులో బురద ఉన్నా అది మురుగు నుంచి వచ్చింది కాదు. బాక్సైటు నుంచి అల్యూమినా తీయగా మిగిలిన ఇనుము, సిలికా, క్షారం అది. బురద నుంచి బ్యాటరీ అంటే చాలావరకు దానిని గాలి తగలకుండా కాల్చి కర్బనం చేయడమే, ఎర్ర బురదలో ఆ కర్బనమే ఉండదు. దానిని ఇక్కడితో వదిలేద్దాం.

ముందు మూస, తర్వాతే మాట

మఫిల్ కొలిమి (కరెంటుతో వేడెక్కే మూసిన కొలిమి) ఉన్న ఏ కళాశాలలోనైనా రెండు రోజుల్లో తేలిపోయే పరీక్ష ఒకటి ఉంది. బురదను 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, పొడి చేసి, పింగాణీ మూసలో (వేడికి తట్టుకునే చిన్న గిన్నెలో) 2 గ్రాములు తూచి, 550 డిగ్రీల దగ్గర గాలి తగిలేలా రెండు గంటలు కాల్చాలి. చల్లారాక మిగిలింది తూచాలి. అదే బూడిద.

మా వాడి రెండు సంచుల నుంచీ చెరొక మూస పెట్టాం. కొలిమి తలుపు తీసేసరికి ఒక మూసలో ఇటుక పొడి రంగు, రెండోదానిలో సున్నం తెలుపు. తెల్లటి బూడిద మీద నీరు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే సోడా సీసా మూత తీసినట్టు బుస్సుమంది. కాగితానికి నునుపు కోసం కలిపే కాల్షియం కార్బొనేట్ అది. కాసేపటికి చాలావరకు కరిగిపోయి, అడుగున కొద్దిగా తెల్లమట్టి మిగిలింది. ఎర్రటి దాని మీద చుక్క వేస్తే చలనం లేదు. చిటికెడు తీసి తొడుగు వేసుకున్న వేళ్ల మధ్య నలిపితే రవ్వరవ్వగా తగిలింది. ఇసుక, ఎర్రమట్టి.

సెప్టిక్ ట్యాంకులోకి అంత ఇసుక ఎలా వచ్చిందని మా వాడు ఆశ్చర్యపోయాడు. ట్యాంకులోకి రాలేదు. ఆ తర్వాతి వారం కేంద్రానికి వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. ఆరిన పొరను అక్కడి మహిళలు పారతో గీకి తీస్తున్నారు. కొంచెం పైపైన తీయవచ్చు కదా అంటే, వారిలో పెద్దావిడ, "పార లోతుగా దిగితేనే మడి శుభ్రంగా కనిపిస్తుంది బాబూ, లేకపోతే సూపర్‌వైజరు మళ్లీ గీకమంటాడు" అంది. మడి శుభ్రంగా ఉండాలన్న నియమం వల్ల, ప్రతి గీకుడికీ అడుగున ఉన్న ఇసుక బురదలో కలుస్తోంది. ఆ ఇసుక, అంటే సిలికా, మామూలు ఆమ్లాలకు లొంగదు. దానిని కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే ఎముక దాకా పోతుంది. మా లాంటి కళాశాలల్లో దానిని అడుగు పెట్టనివ్వకూడదన్నది నా పట్టుదల.

అందుకే బూడిద ఎంత అన్నది సగం ప్రశ్నే. ఆ బూడిద చవక ఆమ్లంలో కరుగుతుందా అన్నది మిగతా సగం. కరిగే బూడిద 40 శాతం ఉన్నా దారి ఉంటుంది. కరగని ఇసుక 40 శాతం ఉంటే ఎలక్ట్రోడ్ (బ్యాటరీలోనో కెపాసిటర్‌లోనో కరెంటును పట్టే కర్బనం పలక) ఆలోచన మానుకోండి.

నీటి లెక్క

పత్రికల్లో వచ్చే కథనాల్లో ఈ లెక్క కనిపించదు. యంత్రంతో పిండిన బురద ముద్దలో కూడా సుమారు 80 శాతం నీరే. టన్ను ముద్ద తీసుకుంటే 800 కేజీల నీరు, 200 కేజీల పొడి పదార్థం. కేజీ నీటిని మామూలు వేడి నుంచి ఆవిరి చేయడానికి సుమారు 2.6 మెగాజౌళ్లు కావాలి. అంటే 800 కేజీలకు 2,000 మెగాజౌళ్ల పైమాట, ఏ నష్టమూ లేకపోతే 580 యూనిట్ల కరెంటు. ఆ 200 కేజీల ఎండు బురదనంతా కాల్చినా వచ్చే వేడి దాదాపు అంతే. తనను తాను ఆరబెట్టుకోవడానికే దాని సత్తా సరిపోతుంది.

అదే ముద్దను ఇంకొంచెం గట్టిగా పిండి నీటిని 70 శాతానికి దించితే, 200 కేజీల పొడి పదార్థంతో పాటు ఉండే నీరు 467 కేజీలే. పది శాతం తేడాలా కనిపిస్తుంది కానీ ఆవిరి చేయాల్సిన నీటిలో నలభై శాతం తగ్గింది. అందుకే ఫ్యాక్టరీ పెడతానని వచ్చేవారికి కొలిమి ధరకంటే ముందు పిండే యంత్రం ధర అడగమంటాను. ఎండాకాలంలో మన మడులు ఉచితంగానే ఆరబెడతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా మాత్రం పైన రేకులు లేని మడి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆరబెట్టకుండానే పని కానిచ్చే పద్ధతి ఒకటుంది. మూసిన పాత్రలో తడి బురదనే 180 నుంచి 250 డిగ్రీల దగ్గర, దాని ఆవిరి ఒత్తిడిలోనే ఉడికిస్తారు. ఒక రకంగా పెద్ద ప్రెషర్ కుక్కర్. బయటికి వచ్చిన బొగ్గు ముద్ద సులువుగా పిండుకుంటుంది. కానీ మిగిలిన నల్ల నీరు మురుగుకంటే చిక్కటి మురుగు, దానికి మళ్లీ శుద్ధి కావాలి.

సూపర్ కెపాసిటర్: అందరూ ఎక్కే మెట్టు

బురద నుంచి శక్తి నిల్వ అనగానే ఎక్కువ ప్రయోగాలు జరిగేది ఇక్కడే. కారణం సులువు. సూపర్ కెపాసిటర్‌లో రసాయన చర్యకు పెద్దగా పని లేదు. సన్నటి రంధ్రాలున్న కర్బనం మీద విద్యుదావేశం ఉన్న కణాలు, అంటే అయాన్లు, వచ్చి అంటుకుంటాయి, వదులుతాయి. కాబట్టి కావలసిందల్లా విపరీతమైన ఉపరితలం. బురదను నత్రజనిలో కాల్చి చేసిన వట్టి బొగ్గుకు గ్రాముకు వంద, రెండు వందల చదరపు మీటర్ల ఉపరితలం కూడా కష్టమే. దానికి కాస్టిక్ పొటాష్ అనే ఘాటైన క్షారం కలిపి 700, 800 డిగ్రీల దగ్గర మళ్లీ కాలిస్తే, క్షారం కర్బనాన్ని తొలిచి ఉపరితలాన్ని వేల చదరపు మీటర్లకు చేరుస్తుంది. బురదకు సొంతంగా ఒక వరం కూడా ఉంది. సూక్ష్మజీవుల ప్రోటీన్ల వల్ల అందులో నత్రజని ఉంటుంది. అది కొంత కర్బనంలోనే నిలిచిపోయి, ఎలక్ట్రోలైట్, అంటే అయాన్లు తిరిగే ద్రవం, దానిని చక్కగా తడిపేలా చేస్తుంది. కొబ్బరి చిప్పకు ఈ వరం లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మన టన్ను ముద్దలో 200 కేజీల పొడి, అందులో బూడిద 40 శాతం అనుకుంటే 80 కేజీలు. కాల్చాక సుమారు 100 కేజీల బొగ్గు వస్తుంది, అందులో 80 కేజీలు బూడిదే. అసలు కర్బనం 20 నుంచి 30 కేజీలు. క్షారం తొలిచే పనిలో అందులో సగం పోతుంది. చివరికి చేతికి వచ్చేది పది, పదిహేను కేజీలు. 25 కేజీల కర్బనానికి మూడింతల లెక్కన 75 కేజీల కాస్టిక్ పొటాష్ పోస్తే, దానిని తటస్థం చేయడానికి మార్కెట్లో దొరికే 33 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 150 కేజీల దాకా పడుతుంది. ముందు వట్టి నీటితో కడిగి పొటాషియం లవణాలను వెనక్కి తీసుకుంటే ఈ ఆమ్లం బాగా తగ్గుతుంది. అలా చేయకపోతే టన్ను బురదను వదిలించుకోబోయి పీపాల కొద్దీ ఉప్పు నీటిని కొని తెచ్చుకున్నట్టు.

ఈ పనిలో ప్రమాదాలు కూడా తెలిసి ఉండాలి. కరిగిన కాస్టిక్ పొటాష్ పింగాణీని తినేస్తుంది. మా దగ్గర ఒక విద్యార్థి నికెల్ మూస లేదని పింగాణీ మూసలో పెట్టేశాడు. మర్నాడు మూస అడుగు కొలిమి గొట్టానికి అతుక్కుపోయింది, గొట్టం కూడా పనికిరాకుండా పోయింది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. 700 డిగ్రీలు దాటాక క్షారం నుంచి పొటాషియం లోహం పుడుతుంది, 760 డిగ్రీల ప్రాంతంలో ఆవిరై చల్లటి చోట పేరుకుంటుంది. కొలిమి తీసి తొందరపడి నీళ్లు పోస్తే మంట లేస్తుంది. పూర్తిగా చల్లారేదాకా నత్రజని ఆపకూడదు. సిలిండరులో రాత్రంతా సరిపడా వాయువు ఉందో లేదో సాయంత్రమే చూసుకోవాలి. లేకపోతే తెల్లారి మూసలో కర్బనం ఉండదు, మళ్లీ బూడిదే ఉంటుంది. ఇది కూడా మాకు జరిగింది.

కాగితం బురదకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. అందులోని కాల్షియం కార్బొనేట్ 700 డిగ్రీలు దాటాక విడిపోయి కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. ఆ వాయువు కర్బనాన్ని లోపలి నుంచి తొలుస్తుంది, మిగిలిన సున్నం ఆమ్లంలో కరిగిపోయి దాని చోట ఖాళీలు మిగులుతాయి. అచ్చుపోసి తీసినట్టు పెద్ద రంధ్రాలు, వాటి పక్కన చిన్న రంధ్రాలు. అయాన్లకు రహదారీ, సందులూ రెండూ దొరుకుతాయి. కాస్టిక్ పొటాష్ సగానికి తగ్గించినా పని జరగవచ్చు. అయితే ఉచితం మాత్రం కాదు: కేజీ కాల్షియం కార్బొనేట్ కరగాలంటే పైన చెప్పిన ఆమ్లం రెండు కేజీలకు పైగా పడుతుంది.

ఇక ఫలితాలు చదివే పద్ధతి. గ్రాముకు 300 ఫారడ్లు (విద్యుదావేశాన్ని ఎంత పట్టగలదో చెప్పే కొలత) అని చూడగానే పొంగిపోకండి. అది మూడు ఎలక్ట్రోడ్ల పరీక్షలో ఒక్క ఎలక్ట్రోడ్ సంఖ్య. నిజమైన పరికరంలో రెండు ఎలక్ట్రోడ్లు వరుసగా ఉంటాయి, బరువు రెండింతలు. కాబట్టి పరికరం లెక్కలో అది నాలుగో వంతు, 75 ఫారడ్లు. నీటి ఎలక్ట్రోలైట్‌లో 1 వోల్టు దాకా వాడితే కేజీ కర్బనానికి సుమారు 10 వాట్ అవర్లు. డబ్బా, రేకులు, ఎలక్ట్రోలైట్ బరువు కలిపితే మూడు, నాలుగు వాట్ అవర్లకు దిగుతుంది. లిథియం అయాన్ సెల్లు 150 నుంచి 250 ఇస్తుంది. అంతమాత్రాన సూపర్ కెపాసిటర్ పనికిరానిది కాదు. క్షణాల్లో నిండుతుంది, లక్షల సార్లు నింపి ఖాళీ చేయవచ్చు. బ్రేకు వేసినప్పుడు వచ్చే శక్తిని పట్టుకోవడానికి, మీటరు బోర్డులకు క్షణకాలం కరెంటు నిలబెట్టడానికి బాగుంటుంది. ఊరి వీధి దీపాన్ని తెల్లవార్లూ వెలిగించే పనికి మాత్రం దానిని పెట్టకండి. దానంతట అదే కొంత కొంత ఖాళీ అవుతూ ఉంటుంది, బురద కర్బనంలో ఇనుము మిగిలిపోతే ఇంకా తొందరగా.

అసలు పోటీదారు కొబ్బరి చిప్ప. మార్కెట్లోని మేలురకం సూపర్ కెపాసిటర్ కర్బనం చాలావరకు దాని నుంచే వస్తుంది. బూడిద నూటికి ఒకటి, రెండు. గంజాం తీరంలోనూ, సరిహద్దు దాటితే ఉద్దానంలోనూ కొబ్బరికి కొదవ లేదు. ముడి సరుకుగా చూస్తే చిప్ప ముందు బురద నిలవలేదు. బురదకు ఉన్న బలం ఒక్కటే: దానిని వదిలించుకోవడానికి ఎవరో ఒకరు ఎలాగూ ఖర్చు పెడుతున్నారు. ఆ ఖర్చులో వాటా మీకు రాకపోతే బురద వ్యాపారం లెక్క కుదరదు.

సోడియం బ్యాటరీ కర్బనం

ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న పేరు ఇది. లిథియం బ్యాటరీలో వాడే గ్రాఫైటు పొరల మధ్యకు సోడియం సరిగా దూరదు. అందుకని పొరలు చెదిరి, గట్టిగా ఉండే హార్డ్ కార్బన్ కావాలి. 1,000 నుంచి 1,400 డిగ్రీల దగ్గర కాలిస్తే అది వస్తుంది, గ్రాముకు 250 నుంచి 350 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం ఇస్తుంది. క్షారం అక్కర్లేదు, ఆ మేరకు పని తేలిక.

కానీ ఇక్కడ కోరిక తిరగబడుతుందని చాలామంది గమనించరు. సూపర్ కెపాసిటర్‌కు ఉపరితలం ఎంత ఉంటే అంత మంచిది. సోడియం బ్యాటరీకి అది తక్కువగా ఉండాలి, ఎందుకంటే మొదటిసారి ఛార్జి చేసినప్పుడు ఎలక్ట్రోలైట్ ఆ ఉపరితలం మీదనే విడిపోయి పొర కడుతుంది, ఆ పొరలో సోడియం చిక్కుకుని తిరిగి రాదు. ఒకే బొగ్గును రెండింటికీ వాడతామని ప్రాజెక్టు ప్రతిపాదన రాసినవారిని నేను తిప్పి పంపుతాను.

నగర మురుగు బురద దీనికి బొత్తిగా తగదని నా అభిప్రాయం. అంత వేడిలో అందులోని ఫాస్ఫేట్లు కర్బనంతో చర్య జరిపి ఇనుముతో కలిసి ఇనుప ఫాస్ఫైడ్లు అవుతాయి, కొంత భాస్వరం ఆవిరిగా కూడా వస్తుంది. ఆ ఆవిరి గాలి తగిలితే మండుతుంది. ఇనుము పక్కనున్న కర్బనాన్ని గ్రాఫైటుగా మార్చేస్తుంది, సోడియం దూరనిది అదే. కాగితం మిల్లు మొదటి తొట్టి బురదలో కర్రనార ఎక్కువ కాబట్టి దానిని ముందే ఆమ్లంలో కడిగి, ఆ తర్వాత కాలిస్తే ప్రయత్నించవచ్చు. కానీ కళాశాలల్లోని మఫిల్ కొలుములు సాధారణంగా 1,000, 1,100 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. 1,300 డిగ్రీల కొలిమి వేరే సంగతి, వేరే ధర.

లిథియం-గంధకం బ్యాటరీల్లో గంధకాన్ని పట్టి ఉంచడానికి బురద కర్బనం వాడవచ్చని కూడా పరిశోధనలు ఉన్నాయి. థీసిస్ రాసేవారికి మంచి విషయం. డబ్బు పెట్టేవారు ఆ వైపు చూడనవసరం లేదు.

కర్బనం వదిలేసి భాస్వరం పట్టుకుంటే?

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే దారి ఇది, మన జిల్లాలకు అన్నిటికంటే దూరమైనదీ ఇదే. మురుగులోని భాస్వరాన్ని తీయడానికి కొన్ని శుద్ధి కేంద్రాల్లో ఫెర్రిక్ క్లోరైడ్ కలుపుతారు. అది ఇనుప ఫాస్ఫేటుగా బురదలో దిగుతుంది. ఇప్పుడు విద్యుత్ వాహనాల్లో, సౌర నిల్వల్లో విరివిగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ ధన ధ్రువంలో బరువు ప్రకారం ఇనుము 35 శాతం, భాస్వరం 20 శాతం. లిథియం 4 శాతం పైచిలుకే. అంటే పేరు లిథియందైనా, బరువులో పెద్ద వాటా మురుగులో ఉన్నవాటిదే.

గాలి తగలకుండా కుళ్లిన బురదలో ఇనుము, భాస్వరం కలిసి వివియనైట్ అనే నీలి స్ఫటికాలుగా ఏర్పడతాయి. వాటికి స్వల్పంగా అయస్కాంత గుణం ఉండడం వల్ల బలమైన అయస్కాంతంతో వేరు చేసే పద్ధతిని నెదర్లాండ్స్‌లో పరీక్షించారు. జర్మనీ 2017లో చేసిన నిబంధన ప్రకారం 2029 నుంచి అక్కడి పెద్ద శుద్ధి కేంద్రాలు భాస్వరాన్ని తిరిగి తీయాల్సిందే. మనకూ ఆ అవసరం ఉంది: భారతదేశం రాతి ఫాస్ఫేటును ఎక్కువగా దిగుమతి చేసుకుంటుంది, పారాదీప్ ఎరువుల కర్మాగారాలకు ఆ రాయి ఓడల్లోనే వస్తుంది.

చిక్కు స్వచ్ఛత దగ్గర. బ్యాటరీకి వాడే ఫాస్ఫేటులో మలినాలు లక్షలో కొన్ని పాళ్లకు మించకూడదు, బురదలో అల్యూమినియం, కాల్షియం, గంధకం అన్నీ ఉంటాయి. ఆ శుద్ధికి అయ్యే ఖర్చు చూస్తే, తీసిన భాస్వరం ఎరువుగా పొలానికి పోవడమే ప్రస్తుతానికి తెలివైన పని.

గ్యాసు కూడా నిల్వే

బయోగ్యాసు గుమ్మటంలో ఉన్నది కూడా నిల్వ చేసిన శక్తే, కావలసినప్పుడు వాడుకోవచ్చు. తాజా బురదను ఆరబెట్టే పని లేకుండా కుళ్లబెడితే, మన టన్ను ముద్దలోని 120 కేజీల సేంద్రియ పదార్థంలో సగం కంటే కొంచెం తక్కువ విడిపోయి సుమారు 50 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. జనరేటరులో మండిస్తే 100 యూనిట్ల కరెంటు. ఆ టన్ను నుంచి వచ్చే పన్నెండు కేజీల కర్బనంతో పరికరాలు చేస్తే ఒక్కసారి నింపినప్పుడు అందులో పట్టేది యూనిట్‌లో ఎనిమిదో వంతు కూడా కాదు. రెండూ ఒకే కొలబద్దతో కొలవవలసినవి కావని నాకు తెలుసు, కెపాసిటర్ లక్షల సార్లు నిండుతుంది. అయినా నగరపాలక సంస్థ ఇంజినీరు ఎవరైనా అడిగితే ముందు ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసి చూపిస్తాను.

సెప్టిక్ బురదకు మాత్రం ఈ దారి లేదు. అది ఇళ్ల ట్యాంకుల్లో ఏళ్ల తరబడి ఉండి, ఇవ్వాల్సిన గ్యాసు చాలావరకు అక్కడే ఇచ్చేసింది.

ఎవరికి ఏది

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవారికి కాగితం బురద, సూపర్ కెపాసిటర్. మరో ఆలోచన వద్దు. కాల్షియం కార్బొనేట్ అచ్చులా పనిచేస్తుందా లేదా అన్నదే ప్రశ్నగా పెట్టుకోండి: కాల్చకముందు ఆమ్లంలో కడిగింది ఒకటి, కాల్చాక కడిగింది ఒకటి. పక్కన కొబ్బరి చిప్ప బొగ్గును కూడా అదే పద్ధతిలో చేసి పోల్చండి. రెండు ఎలక్ట్రోడ్ల పరీక్ష లేని ఫలితాన్ని నాకు చూపించకండి. ఉపరితలం కొలిచే యంత్రం మన దగ్గర లేదని నిరాశపడకండి, విశాఖ, బరంపురం, భువనేశ్వర్‌లలో అడిగితే దారి దొరుకుతుంది. నమూనాలు మూడు, నాలుగుకు మించకుండా ఎంచుకుని పంపండి.

సెప్టిక్ కేంద్రం నడిపే సంఘాలకు నా సలహా వారికి నచ్చకపోవచ్చు. ఎలక్ట్రోడ్ వద్దు. పార లోతు తగ్గించండి, మడి మీద రేకులు వేయించుకోండి, పట్టణం తడి చెత్తతో కలిపి సరిగా వేడెక్కేలా కంపోస్టు చేయండి. ఇసుక తగ్గిందని బూడిద పరీక్షలో తేలాక మళ్లీ మాట్లాడుకుందాం.

నగర శుద్ధి కేంద్రం చేతిలో ఉన్నవారు ముందు గ్యాసు తీయాలి, తర్వాత పిండాలి, ఆ తర్వాతే మిగిలినదాని గురించి ఆలోచించాలి. గ్యాసు తీశాక బూడిద శాతం ఇంకా పెరుగుతుంది కాబట్టి మిగిలినదానికి కర్బనం దారికంటే భాస్వరం దారి దగ్గర.

గుణుపురం పెద్దమనిషికి చెప్పింది ఇక్కడా చెబుతాను. బురదను తీసుకున్నందుకు మీకే టన్నుకు ఇంత అని ఎవరైనా రాతపూర్వకంగా ఒప్పుకుంటే, వృథాగా పోయే పొగ వేడి మీ మిల్లులో ఉంటే, అప్పుడు బొగ్గు దాకా చేసి అమ్మే లెక్క వేసుకోండి. ఈ రెండిటిలో ఏది లేకపోయినా ఆ డబ్బుతో కొబ్బరి చిప్పలు కొనడమే మేలు. ఆయన నవ్వి, "దానికి ఇంత కెమిస్ట్రీ ఎందుకండీ" అన్నారు. నిజమే.

అనుమతులు, సీసా మీది చీటీ

పరిశ్రమ బురదను ఇష్టం వచ్చినట్టు తెచ్చుకోవడానికి లేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో క్లోరిన్ సేంద్రియాలు ఉన్న కాగితం మిల్లు బురద కూడా ఉంది. దానిని ముడి సరుకుగా వాడాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. మన సరిహద్దు వారికి ఇంకో మెలిక ఉంది. రాయగడలో పుట్టిన అలాంటి వ్యర్థాన్ని వాడుకోవడానికి పార్వతీపురం వైపు పంపాలంటే, లారీ కదలకముందే ఒడిశా, ఆంధ్రప్రదేశ్ మండళ్లు రెండింటికీ తెలియజేయాలి. అటూ ఇటూ చుట్టాలున్నారు కదా అని రాత్రికి రాత్రి ట్రాక్టరులో దాటించే సరుకు కాదు ఇది.

మా వాడు రెండో ఆదివారం మళ్లీ వచ్చాడు. ఈసారి సంచులు లేవు, మూత బిగించిన మూడు ప్లాస్టిక్ సీసాలు, అన్నీ కాగితం బురదే. ఒక్కొక్కదాని మీద తేదీ రాసి చీటీ అంటించాడు. ఏ తొట్టి నుంచి తీశావు, ఆ రోజు నీటిలో పటిక కలిపారా ఫెర్రిక్ కలిపారా, మిల్లులో ఆ వారం ఏ రకం కాగితం నడిచింది అని అడిగాను. రాతకోతల కాగితానికి తెల్ల పూరకం ఎక్కువ, అట్టకు తక్కువ. బూడిద అంతా దాని మీదే మారుతుంది. తల గోక్కున్నాడు. సీసాలు తిరిగి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని, షిఫ్టు పుస్తకం చూసి రాసుకొస్తానని వెళ్లాడు.